ముందురోజే పోండి... పొద్దుగూకక ముందే రండి!

ఎండాకాలం శని, ఆదివారాలొస్తే అచ్చంపేటలో ఒకటే ముచ్చట. జాతరెప్పుడు? తోవ ఎట్లుంది? నీళ్లున్నాయా? నల్లమల అంచున కాపురముంటున్న ఈ ఊరివాళ్ల దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి. వాటిలో సగం ‘పోండి’ అని కాదు... ‘ఇప్పుడొద్దు’ అని!

ఉగాది పచ్చడి తిన్న చేతులు ఇంకా కడుక్కోకముందే అచ్చంపేటలో ఫోన్లు మోగడం మొదలవుతాయి. హైదరాబాద్‌లో ఉంటున్న మేనల్లుడు, కల్వకుర్తిలో ఉన్న వియ్యంకుడు, పాలమూరులో స్థిరపడ్డ పాత దోస్తు... ఎవరు చేసినా అడిగేది ఒక్కటే. ‘‘ఈసారి లింగమయ్య కాడికి ఎప్పుడు పోతున్నరు?’’

ఇక బస్టాండు పక్క టీ కొట్టు నుంచి కిరాణా దుకాణం దాకా, కటింగ్ షాపు నుంచి వేరుశనగ బస్తాల మార్కెట్ దాకా అదే చర్చ. ‘‘పున్నమి నాడు పోకు తమ్మీ, ముందురోజు పో. పున్నమి నాడు లోయల అడుగు పడదు’’ అని ఒకరంటారు. ‘‘అత్తమ్మ కూడ వస్తనంటున్నది కాకా’’ అంటే, ‘‘ఆమెను లోయలకు దింపకు. ఉమామహేశ్వరం తోలుకపో. గుడిదాక బండి పోతది’’ అని ఇంకొకరు తీర్పు చెప్పేస్తారు. టీ చల్లారేలోపు ప్రయాణం సగం ఖాయమైపోతుంది.

పట్నాల్లో వారాంతం అంటే శని, ఆదివారాలే. అచ్చంపేట చుట్టుపక్కల ఎండాకాలపు వారాంతాన్ని నిర్ణయించేది మాత్రం క్యాలెండర్లో ఎర్ర అంకె కాదు, ఆకాశంలో చందమామ!

నవమికి రాముడు... పున్నమికి లింగమయ్య

వరస శ్రీరామనవమితో మొదలవుతుంది. ఆ రోజు చాలా బండ్లు చారకొండ వైపు తిరుగుతాయి. అక్కడి సిరసనగండ్ల గుట్ట మీద సీతారామచంద్రస్వామి కొలువు. ఈ ప్రాంతం వాళ్లకు అది అపర భద్రాద్రి. ‘కల్యాణం చూడాలంటే ఎండ ముదరకముందే గుట్టెక్కాలి. పిల్లలకు జాతర చూపించాలంటే మాత్రం పొద్దు వాలినంక పోవాలి. రెండూ ఒక్క పూటలో కానియ్యాలని చూస్తే రెండూ దక్కవు’... ఇదీ ఏటా వెళ్లొచ్చేవాళ్లు చెప్పే మాట.

నవమి తర్వాత ఆరేడు రోజులకు చైత్ర పౌర్ణమి. అసలు సందడి అదే. ఒకే పున్నమికి అడవిలో రెండు జాతరలు! ఒకటి సలేశ్వరం లింగమయ్యది. రెండోది మద్దిమడుగు పబ్బతి ఆంజనేయస్వామిది. మన్ననూరు దాకా అందరిదీ ఒకటే తోవ. అక్కడ దారులు చీలిపోతాయి. అమ్రాబాద్, పదర మీదుగా పోయేవాళ్లు హనుమంతుడి భక్తులు. శ్రీశైలం రోడ్డు పట్టుకుని ఫరహాబాద్ గేటు దగ్గర అడవిలోకి మళ్లేవాళ్లు లింగమయ్య భక్తులు. లింగాల మండలం అప్పాయిపల్లి వైపు నుంచి అడవిలో నడిచి వచ్చేవాళ్లూ తక్కువేమీ కాదు.

రెండింట్లో ఏది అని తేల్చుకోలేనివాళ్లకు స్థానికుల సలహా సూటిగా ఉంటుంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే మద్దిమడుగు. అక్కడ గుడి దాకా రోడ్డుంది. మోకాళ్ల మీద నమ్మకం ఉంటేనే సలేశ్వరం.

పున్నమి శని, ఆదివారాలకు దగ్గరగా వచ్చిందా, ఇక చెప్పనక్కర్లేదు. 2023లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 6న, గురువారం వచ్చింది. 2024లో ఏప్రిల్ 23న, మంగళవారం. 2025లో ఏప్రిల్ 12న, సరిగ్గా శనివారం పడింది. ఆ ఏడాది సలేశ్వరం జాతర ఏప్రిల్ 11 నుంచి 13 వరకు, అంటే శుక్ర, శని, ఆదివారాలు జరిగింది. పంచాంగం కొనగానే ఇక్కడివాళ్లు చైత్ర పౌర్ణమి ఏ వారం పడిందో ఎందుకు వెతుకుతారో ఇప్పుడు అర్థమైందిగా!

దిగేటప్పుడు దేవుడు... ఎక్కేటప్పుడు మోకాళ్లు!

సలేశ్వరాన్ని తెలంగాణ అమర్‌నాథ్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఫరహాబాద్ దగ్గర తారురోడ్డు వదిలాక అడవిలో మట్టిబాట. బండ్లు ఆగిపోయిన చోట నుంచి కిలోమీటర్ల కొద్దీ కాలినడక. గుట్టలెక్కాలి, దిగాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. చివర్లో రాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ దిగితే... ఎంతో ఎత్తు నుంచి సన్నగా జారే నీటిధార, దాని కింద గుండం, కొండ గుహలో లింగమయ్య. ఎండాకాలం నడినెత్తిన కూడా ఆ నీళ్లు ఒంటిమీద పడితే వణుకు పుడుతుంది. సెల అంటే ఊట. సెలేశ్వరమే సలేశ్వరం అయిందని అనేవాళ్లున్నారు.

దారంతా ‘వస్తున్నాం లింగమయ్యా’ అని కేకలు. తిరుగుదారిలో ‘పోయొస్తాం లింగమయ్యా’ అని కేకలు. చీకటి లోయలో ఆ పిలుపు వింటే ఎవరు దిగుతున్నారో ఎవరు ఎక్కుతున్నారో తెలిసిపోతుంది. పాత రోజుల్లో అదే ట్రాఫిక్ సిగ్నల్ అన్నమాట!

కొత్తగా పోయేవాళ్లకు ఊరివాళ్లు అప్పగించే జాగ్రత్తల చిట్టా పెద్దదే. కొత్త చెప్పులు తొడుక్కోవద్దు, కాళ్లు కొరుకుతాయి. చేతికర్ర మర్చిపోవద్దు. పెరుగన్నం కట్టుకోవద్దు, ఎండకు పులుస్తుంది. జొన్నరొట్టె, పల్లీల పొడి, ఉల్లిగడ్డ అయితే సాయంత్రం దాకా చెడవు. నిమ్మకాయలు, ఇంత ఉప్పు మూటగట్టుకోవాలి. ‘‘నీళ్లు దిగేటప్పుడే తాగేయకు, ఎక్కేటప్పటికి సగం ఉంచుకో’’ అని మరీ మరీ చెబుతారు. దిగేటప్పుడు దేవుడు పిలుస్తాడు, కాబట్టి కాళ్లు వాటంతటవే నడుస్తాయి. ఎక్కేటప్పుడే మోకాళ్లు పిలుస్తాయి!

లోయలో సెల్‌ఫోన్‌ను నమ్ముకోకూడదన్నది ఇంకో ముఖ్యమైన మాట. అందుకే అనుభవజ్ఞులు బండి దిగగానే ‘తప్పిపోతే ఈ చెట్టు కిందికి రావాలె’ అని ఒక గుర్తు చూపిస్తారు. చిన్నపిల్లల జేబులో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెడతారు. గుండెజబ్బు ఉన్నవాళ్లను, ఆయాసం ఉన్నవాళ్లను, కడుపుతో ఉన్న ఆడవాళ్లను పైనే ఆపేస్తారు. ‘‘లింగమయ్యకు పైనుంచి మొక్కినా చెల్లుతది’’ అని నచ్చజెప్పే పెద్దమనిషి ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. ఆ గుంపులో అందరికంటే విలువైన మనిషి ఆయనే.

అడ్రసు తెలిసింది... ఆనవాయితీ తెలియలేదు

ఈ జాగ్రత్తలన్నీ చాదస్తం అనుకునేవాళ్లు 2023 జాతరను గుర్తుచేసుకోవాలి. ఆ ఏప్రిల్‌లో ఒక్కసారిగా వచ్చిపడిన జనంతో ఇరుకు దారి కిక్కిరిసింది. దిగేవాళ్లు దిగలేక, ఎక్కేవాళ్లు ఎక్కలేక చిక్కుకుపోయారు. ఎండ, ఉక్కపోత, తోపులాట. దేవుణ్ని చూసొస్తామని బయల్దేరిన వాళ్లలో కొందరు ఇంటికి తిరిగి రాలేదు.

ఒకప్పుడు సలేశ్వరం వచ్చేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. తాతతో కలిసి వచ్చిన మనవడు ఏ మలుపులో ఆగాలో, ఎక్కడ ఎదుటివాళ్లకు దారివ్వాలో చూసి నేర్చుకునేవాడు. ఇప్పుడు ఫోన్లో జలపాతం వీడియో చూసి వందల కిలోమీటర్ల నుంచి వస్తున్నారు. రావడంలో తప్పులేదు. దేవుడు అందరివాడు. కాకపోతే వీడియోలో లోయ అందం కనిపిస్తుంది, తిరిగి ఎక్కాల్సిన రాళ్లు కనిపించవు. వాళ్లకు అడ్రసు తెలిసింది కానీ ఆనవాయితీ తెలియలేదు. తాత చెప్పాల్సిన మాట చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు లోటు.

అందుకే అచ్చంపేటలో ఇప్పుడు ఆ మాట ఎవరడిగినా, అడక్కపోయినా చెబుతున్నారు. పెట్రోలు పోయించుకోవడానికి ఆగిన హైదరాబాద్ బండిని చూస్తే చాలు. ‘‘సలేశ్వరమేనా సార్? తెల్లారేసరికల్లా గేటు కాడ ఉండాలె. పది దాటితే ఎండ, జనం రెండూ ఎక్కువైతయి’’ అంటూ సలహా సిద్ధం. తిరుగుప్రయాణం సంగతీ చెబుతారు. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డులో అడవి భాగాన్ని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. వన్యప్రాణుల కోసం పెట్టిన నిబంధన ఇది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడిందంటే ఇక తెల్లారేదాకా అక్కడే. జాతర రోజుల్లో అడవి లోపలికి బండ్లను వదిలే వేళలు, షరతులు ఏటా అటవీశాఖ ప్రకటిస్తుంది. పోయిన ఏడాది వేళలు చూసుకుని ఈ ఏడాది బయల్దేరితే గేటు దగ్గర కూర్చోవాల్సిందే.

ఆ ఇంట్లో నీళ్లు తక్కువ

అసలు చైత్రమాసంలో అడవిలోకి పోవడమంటే ఎవరింటికి పోతున్నట్టు? చెంచుల ఇంటికి. సలేశ్వరంలో లింగమయ్యకు పూజ చేసేదీ వాళ్లే. శ్రీశైలం మల్లన్న తమ ఇంటి అల్లుడని చెప్పుకునే జాతి వాళ్లది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ నిజాం కాలంలో ఈ కొండల మీద చెంచుల మధ్య తిరిగి, వాళ్ల జీవితం మీద 1943లో ఒక పుస్తకమే ప్రచురించాడు. తేనె, గడ్డలు, పండ్లు, నీళ్లు... ఏ కాలంలో ఏది ఎక్కడ దొరుకుతుందన్న లెక్క మీదే వాళ్ల బతుకంతా నడిచేది.

అడవికి కష్టకాలం కూడా ఎండాకాలమే. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వాగులు ఎండిపోతాయి. పెద్దపులి నుంచి దుప్పి దాకా అన్నీ మిగిలిన నాలుగు చెలమల చుట్టూనే తిరుగుతాయి. అటవీశాఖ సిమెంటు పళ్లేల లాంటి తొట్లు కట్టి, ట్యాంకర్లతో, సౌరశక్తి బోర్లతో నీళ్లు నింపుతుంటుంది. అలాంటి సమయంలో మనం చుట్టాలుగా పోతున్నాం. చుట్టమింట్లో నీళ్లకు కరువున్నప్పుడు బిందెలు గుమ్మరించుకుని స్నానాలు చేస్తామా?

‘గుండంలో సబ్బు పెట్టి స్నానం చేయొద్దు, షాంపూ ప్యాకెట్లు పారేయొద్దు’ అని పెద్దలు చెప్పేది అందుకే. మనం వచ్చేశాక ఆ నీళ్లే తాగే నోళ్లున్నాయి. అడవిలో వంట పొయ్యి వెలిగించకూడదు. బీడీ కూడా వద్దు. రాలిన ఆకు నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టుండే కాలమిది. ఒక్క బీడీ ముక్క చాలు, గుట్టకు గుట్ట తగలబడటానికి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను అభయారణ్యంలో 2024 నుంచి నిషేధించారు. ఇంట్లో ఉన్న స్టీలు క్యాను తీసుకుపోతే చెక్‌పోస్టు దగ్గర గొడవే ఉండదు. శ్రీశైలం రోడ్డు పక్కన కోతులకు అరటిపండ్లు విసరడం పుణ్యమనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పండు కోసమే కోతి రోడ్డు మీదికొచ్చి బండి కింద పడుతుంది. అది పుణ్యమెట్లా అవుతుంది?

ఎక్కడికి ఇప్పుడొద్దు?

జాతర కాని ఆదివారాల సంగతేంటి? ఇక్కడే అచ్చంపేట వాళ్ల సలహాకు అసలు విలువ. ఎందుకంటే వాళ్లు ముందు వద్దన్న చోట్లు చెబుతారు.

వటవర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థం పేరు వినగానే అందరికీ జలపాతం గుర్తొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ చూడ్డానికి మిగిలేది బండలే. 350 మెట్లు దిగి, చుక్క నీరు లేదని తిట్టుకుంటూ మళ్లీ 350 మెట్లు ఎక్కాలి. ‘‘దసరా దాటినంక రాండ్రి, అప్పుడు చూడాలె దాని సోకు’’ అంటారు తెలిసినవాళ్లు. అట్లాగే, మే నెలలో ఫోన్ చేసి ‘శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారా’ అని అడిగే పట్నం చుట్టం ప్రతి ఇంటికీ ఒకరుంటారు. పైనుంచి వరద రావాలి, జలాశయం నిండాలి, అప్పుడు గేట్లు. అది వానాకాలం ముచ్చట.

మరి పోదగ్గదేది? రంగాపూర్ గుట్ట మీద ఉమామహేశ్వరం. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. కింద భోగమహేశ్వరం దగ్గర దండం పెట్టుకుని ఘాట్ రోడ్డెక్కితే గుడి. నెత్తి మీదికి వంగిన కొండచరియ నీడలో నడుచుకుంటూ పోతే పాపనాశనం. మే నెలలోనూ బండరాతి సందుల్లోంచి చల్లటి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. కూలర్లు లేని కాలంలో అచ్చంపేట వాళ్లకు అదే ఊటీ! ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే. పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నం నీడలో కూర్చోవాలి, తిన్న విస్తరి సంచిలో పెట్టుకుని రావాలి.

జంతువులను చూడాలన్న సరదా ఉన్న పిల్లలుంటే ఫరహాబాద్ సఫారీ. ఎండాకాలంలో ఆకు రాలి అడవి పలుచబడుతుంది, నీటి దగ్గరికి జంతువులు వస్తాయి కాబట్టి కనిపించే అవకాశం ఎక్కువ. అదీ తెల్లవారుజామున, లేదంటే సాయంత్రం. పన్నెండు గంటలకు పోయి పులేదీ అని అడిగితే, అది కూడా మనలాగే నీడన పడుకుని ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఉండదు కాబట్టి వేసవి సెలవుల్లోనే చూసుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు చేతిసంచి ఖాళీగా రాకూడదు. తునికిపండ్లు, పాలపండ్లు, మొర్రిపండ్లు... ఎండాకాలం అడవి ఇచ్చే తాయిలాలు. మొర్రిపండు గింజ పగలగొడితే వచ్చేదే స్వీట్లలో వేసే సారపప్పు. రోడ్డు పక్కన ఆకుదొప్పలో పోసిచ్చే చెంచు ఆడబిడ్డ దగ్గర బేరమాడొద్దన్నది ఇక్కడి మర్యాద. ఆ దొప్పెడు పండ్ల కోసం ఆమె ఎన్ని చెట్లు తిరిగిందో అడవికే తెలుసు.

మే నెలలో బయటపడే గుడి

మే వచ్చేసరికి జాతరలు అయిపోతాయి. అప్పుడు ముచ్చట అడవి నుంచి కృష్ణమ్మ వైపు మళ్లుతుంది. కొల్లాపూర్ దగ్గర సోమశిల రేవు. ఏటికి ఆవలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. అక్కడే సంగమేశ్వరం. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు పూర్తయ్యాక మునిగిపోయిన గుడి అది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లకిందే. జలాశయం బాగా తగ్గినప్పుడే శిఖరం, తర్వాత గోడలు, చివరికి వేపమొద్దు శివలింగం బయటపడతాయి. అంటే ఎండాకాలంలో మాత్రమే దర్శనమిచ్చే దేవుడన్నమాట. జలాశయం వల్ల ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు ఆ ప్రయాణం విహారం కాదు. నీళ్లు తగ్గిన ఏటి వైపు చూస్తూ ‘మా ఇల్లు అగో, అటు ఉండె’ అని మనవలకు వేలు చూపించే ముసలివాళ్లను కదిలిస్తే కథలు కథలుగా చెబుతారు.

నీటి మట్టం ఎంతుందో, గుడి తేలిందో లేదో ముందే కొల్లాపూర్ వాళ్లను కనుక్కుని బయల్దేరాలి. పడవెక్కేముందు లైఫ్ జాకెట్ అడగాలి. నిండిన పడవైతే వదిలేసి తర్వాతి దానికి ఆగాలి. 2007 జనవరిలో ఇదే ప్రాంతంలో కృష్ణలో పడవ మునిగి పదుల సంఖ్యలో మనుషులు పోయారు. ఆ రోజు గుర్తున్న ఏ ఇంట్లోనూ ‘ఇంకొక్కరు పడతారులే’ అన్న మాట వినిపించదు. తిరుగుదారిలో కొల్లాపూర్ మామిడిపండ్లు కొనుక్కోవడం మాత్రం తప్పనిసరి!

ఇవన్నీ ఏ బోర్డు మీదా రాసి ఉండవు. టీ కొట్టు దగ్గర ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి పోయే మాటలివి. వినడానికి ప్రయాణం ముచ్చట్లలాగే ఉంటాయి. కానీ సగానికి సగం మనిషిని క్షేమంగా ఇంటికి రప్పించే మాటలే. అందుకే కాబోలు, సలేశ్వరం లోయలో దిగేటప్పుడు ఒక కేక సరిపోదు. ఎక్కేటప్పుడు ఇంకోటి వేయాలి. పోయొస్తాం లింగమయ్యా అని. పోవడం కాదు... పోయి రావడమే జాతర!

కత్తిరించి దాచుకోండి

శ్రీరామనవమి: సిరసనగండ్ల. కల్యాణానికి పొద్దున, జాతరకు సాయంత్రం.

చైత్ర పౌర్ణమి: నడవగలిగితే సలేశ్వరం, లేకపోతే మద్దిమడుగు. బయల్దేరేముందు ఆ ఏటి తేదీలు, అనుమతి వేళలు కనుక్కోవాలి.

ఏప్రిల్, మే ఆదివారాలు: ఉమామహేశ్వరం, ఫరహాబాద్ సఫారీ. మల్లెలతీర్థం మాత్రం దసరా తర్వాతే.

మే నెల: నీళ్లు తగ్గితే సోమశిల నుంచి సంగమేశ్వరం. లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కొద్దు.

ఎప్పుడైనా: మన్ననూరు గేటు రాత్రి 9కి పడుతుంది. అడవిలో నిప్పు, ప్లాస్టిక్, సబ్బు వద్దు.